కడియానికి నలభై రాళ్ళు

మిగిలినవి 67

ఈ రోజు కిటికీ అద్దం మీద నీ నంబరు పక్కన అరవై ఏడు పడింది. నిన్న అరవై ఎనిమిది. అంటే నిన్న నువ్వు ఆ సముద్రపు గోడకి నలభై రాళ్ళూ మోశావు, రోజు లెక్కలోకి వచ్చింది. జ్వరం గిరం లేదన్నమాట.

రోజుకు నాలుగు ముక్కలు రాసి ఉంచు, బయటికి వచ్చాక చదువుకుంటానన్నావు కదా మావా. నేను ఐదో తరగతితో ఆపేసిన దాన్ని. తప్పులుంటే నవ్వకు.

పొద్దున్నే తీపినీళ్ళ బండి వచ్చింది. వేలు ఆనిస్తే బిందెడు పోసింది. ఇంకో చెంబు కోసం మళ్ళీ ఆనిస్తే ఎర్రదీపం వెలిగింది. మన వీధిలో నువ్వు రాయి పెట్టి పగలగొట్టింది అలాంటి ఎర్రదీపాన్నే. ఆ రోజు వీధి వీధంతా కడుపునిండా తాగింది. నాలుగు వందల రోజుల శిక్ష మాత్రం నీకొక్కడికే పడింది.

సముద్రపు నాచు తాళ్ళ మీద ఆరేసి, పదకొండింటికి క్యారేజీ కట్టాను. వంకాయ, ఎండుచేప. నువ్వు చేపతల వదలవని తల కూడా పెట్టాను. సాయంత్రం క్యారేజీ ఖాళీగా తిరిగి వచ్చింది. కడిగినట్టుగా ఉంది.

మిగిలినవి 65

కిటికీ దగ్గర నా ముందు పైడమ్మ నిలబడింది. అద్దం మీద ఆమె కొడుకు నంబరు ఎర్రగా వెలిగింది. లోపల కూర్చునే కిటికీబాబు తల ఎత్తలేదు.

"పోయాడమ్మా. శేషం నూట నలభై. వారసురాలివి నువ్వే. రేపు పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర ఉండు. కాలికి కడియం వేస్తారు, మిగిలిన రోజుల రాళ్ళు నువ్వు మోయాలి."

"బాబూ, నా బిడ్డని ఓపాలి సూపించండి."

"గోడలో పెట్టేశారు. నెక్స్ట్."

నెక్స్ట్ నేనే. అరవై ఐదు, పచ్చగా ఉంది. పైడమ్మ నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తుంటే, ఆ పచ్చ అంకె చూసి నాకు సంతోషం కలిగింది. ఇది రాయకూడదనుకున్నాను. కానీ నీ దగ్గర దాచడం ఎందుకు?

తిరిగి వస్తుంటే సన్యాసమ్మక్క అంది, "ఆ గుంటడు బతికుండగా అమ్మకి కాళ్ళ కడియాలు సేయిస్తానని ఒకటే గొప్పలు. సేయించీసినాడు సూడు."

నవ్వాలో వద్దో తెలియక తల వంచుకున్నాను. అక్క అలాగే మాట్లాడుతుంది. పక్క షెడ్డే అయినా నేను ఆమెతో మాట కలపడానికి నెల పట్టింది. వాళ్ళ ఆయన కామేసు కూడా నీ గుంపులోనే రాళ్ళు మోస్తాడని చెప్పాక గానీ నాకు నోరు రాలేదు. అక్కకి కళ్ళు మసక. రోజూ అద్దం మీద అంకె నేనే చదివి చెప్పాలి. "ఎంతే?" అంటుంది. చెబితే, "నా ముసలోడు గట్టోడే" అంటుంది.

మిగిలినవి 64, ఆదివారం

ఆదివారం రాళ్ళు ఉండవు, లెక్కా కదలదు. సాయంత్రం నాలుగింటికి కంచె దగ్గరికి వెళ్ళాం. మీరంతా అవతల గీత మీద వరసగా నిలబడ్డారు. గీత దాటి కంచె వైపు వస్తే కాలి కడియం తేలులా కుడుతుందని నువ్వే చెప్పావు. అందుకే ఎవరూ రారు. ఆడవాళ్ళంతా గొంతులు చించుకుని అరుస్తారు. "కూర సరిపోతన్నాదా?" "పిల్లకి పళ్ళొచ్చినాయి!" "దగ్గు తగ్గిందా?"

నాకు అంతమందిలో అరవడం చేతకాదు. ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకుని నువ్వు చెయ్యెత్తావు. నేనూ ఎత్తాను. అంతే. కానీ మూడు ఆదివారాలుగా నువ్వు వెనక వరసలోనే ఉంటున్నావు. ముందుకు రావచ్చు కదా? చిక్కిపోయిన మొహం నాకు కనబడకూడదనుకుంటున్నావా?

"మా ముసలోడు సెయ్యెత్తినాడా?" అని అక్క అడిగింది.

"నల్ల కంబళి కప్పుకున్నాయన ఎత్తాడక్కా."

"ఎండలో కంబళేటి, ఈడి సోకు పాడుగాను."

మిగిలినవి 61

మావా, తప్పు చేశాను. ఘోరమైన తప్పు.

అక్క గుప్పెడు ఎండురొయ్యలు ఇచ్చింది. ఈ రోజుల్లో రొయ్య దొరకడమే గగనం. నీకు పడవు కాబట్టి నా ఒక్కదానికే వేరే గిన్నెలో వండుకున్నాను. రెండు గిన్నెలూ ఒకేలా ఉంటాయి. తీరా నీకు క్యారేజీ ఇచ్చి వచ్చి నా గిన్నె మూత తీస్తే అందులో నీ దోసకాయ కూర ఉంది.

పెళ్ళయిన ఏడాది మీ అక్క ఇంట్లో ఏం జరిగిందో మర్చిపోలేదు. ఒక్క రొయ్య నోట్లో పెట్టుకున్నావు. పెదాలు ఉబ్బి, గొంతు మూసుకుపోయి, పడవలో నా ఒళ్ళో నీలంగా మారిపోయావు. డాక్టరు, ఇంకోసారి ఇలా జరిగితే నా దగ్గరికి తేవక్కర్లేదు అన్నాడు.

పరిగెత్తాను. కిటికీ మూసేసి ఉంది. తలుపు కొట్టాను. కిటికీబాబు విసుక్కుంటూ తెరిచాడు.

"బాబూ, ఆ క్యారేజీ... ఆయనకి పడదు... ఇవ్వకండి."

"పంచేశారు. ఈపాటికి తినేసుంటాడు."

"చచ్చిపోతాడు బాబూ."

"చస్తే రేపు అద్దమే చెబుతుంది. వెళ్ళు."

నాలుగింటికి గిన్నె తిరిగి వచ్చింది. అడుగున ఒక్క రొయ్య తోక కూడా లేదు.

మిగిలినవి 60

పచ్చగా ఉంది. అరవై.

నిన్న మధ్యాహ్నం గిన్నెడు రొయ్యలు తిని, మళ్ళీ వెళ్ళి మిగతా రాళ్ళు మోశావు. రోజు లెక్కలోకి వచ్చింది. అక్క నా వీపు మీద చరిచి, "సూసినావా, నీ మొగుడికి రాళ్ళు మోసి మోసి పొట్ట కూడా రాయైపోనాది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

షెడ్డుకు వచ్చి నాచు తాళ్ళ మధ్య కూర్చున్నాను. రొయ్య నీకు పడకపోవడం పొట్ట సంగతి కాదు.

నువ్వు తినలేదు. పక్కవాళ్ళకి పెట్టేసి ఉంటావు. అంతే అయి ఉంటుంది. ఆదివారం అరుస్తాను. సిగ్గు చంపుకుని అరుస్తాను.

మిగిలినవి 58, ఆదివారం

అరిచాను. "మావా!" అని అరిచాను. ఎర్ర తువ్వాలు కదలలేదు. మళ్ళీ అరిచాను. "ముందుకు రా, ఓపాలి మొహం సూపించు!" పక్కన ఆడవాళ్ళు వింతగా చూశారు. సిగ్గరి రత్నానికి నోరొచ్చింది అనుకుని ఉంటారు.

ఎర్ర తువ్వాలు మనిషి సముద్రం వైపు నడవడం మొదలుపెట్టాడు, కంచె నీళ్ళలోకి దిగేచోటికి. అక్కడ ఎవరూ నిలబడరు. నేనూ ఇవతల నుంచి అటే నడిచాను. అతను గీత దాటాడు. కడియం కుట్టింది. ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. అయినా ఆగలేదు. ఒక్కో అడుగుకీ మెడ నరాలు తేలుతున్నాయి. కంచె దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నువ్వు కాదు.

"నేను గవరయ్యని సెల్లీ. ఎల్లాజీ జట్టువోణ్ణి. బేగి సెప్పీస్తాను, ఎక్కువసేపు ఓర్సుకోనేను. నీ పెనిమిటి ఎనబై కాడ పోనాడమ్మా."

"ఎనభై ఏంటి?"

"లెక్క ఎనబై ఉన్నప్పుడు. ఎండ. నలబై రాళ్ళయితేగాని సెంబుడు నీళ్ళియ్యరు. ముప్పై ఆరో రాయి కాడ కూలబడిపోనాడు. రత్నానికి శేషం పడనీకండ్రా అన్నాడు. మాటిచ్చినాం. మేమే రాళ్ళ మద్దిన పెట్టినాం. ఇక్కడ శవం ఎవుడూ అడగడు. కడియం ఎచ్చగుంటే మనిషి ఉన్నట్టే."

అతని కాలు చూశాను. మోకాలి కింద ఎముకే ఉంది. దాని మీద మూడు కడియాలు, జారిపోకుండా మధ్యలో గుడ్డపేలికలు.

"బక్కసిక్కిపోతే కడియం మడమ మీంచి జారొచ్చీసుద్ది. ఆళ్ళు కూడెట్టకపోడం అలా పనికొచ్చినాది." నవ్వబోయాడు, కడియం మళ్ళీ కుట్టింది. "రాయి దించేకాడ ఏ కడియం ఆనిస్తే ఆడి కాతాలో పడుద్ది. కడియానికి నలబై రాళ్ళు. ఎనమండుగురం పంచుకున్నాం, వొంతులేసుకుని."

"ఎనమండుగురు..."

"ఇప్పుడు ఆరుగురం."

"ఆ ఇద్దరి కడియాలూ?"

"అయ్యీ మావే. ఆళ్ళకీ పెళ్ళాం బిడ్డలున్నారు కదేటి. అందరం అదే మాట అడిగినాం, అదే మాట ఇచ్చినాం."

ఇంకొకటి అడగాలి. అడిగాను. "కామేసు గారు? సన్యాసమ్మక్క ఆయన?"

గవరయ్య మూడో కడియం మీద చెయ్యి వేశాడు.

"దానికి సెప్పీకు. రెండొందల పన్నెండున్నాయి. ఆ ముసల్ది రాయి ఎత్తగలదేటి? నీకింక యాబై ఎనిమిదే. సున్నా అయ్యేనాటికి ఎవులం ఉంటే ఆళ్ళం తువ్వాలు సుట్టుకుని గేటు దాటతాం. గేటు కాడ కడియవే సూస్తారు, మొకం సూడరు. నువ్వు మా ఆయనే అని సెయ్యట్టుకుంటే సాలు. ఆ రొయ్యల కూర బాగున్నాది సెల్లీ. పండగ సేసుకున్నాం."

పాకుతూ వెనక్కి వెళ్ళాడు. గీత దాటాక ఇసకలో పడుకుండిపోయాడు.

అక్క నన్ను అడిగింది, "ఏటన్నాడే నీ మొగుడు, అంత దూరం నడిసొచ్చి?"

"ఒంట్లో బాగుందన్నాడు."

మిగిలినవి 57

ఈ పుస్తకం వెనక్కి తిప్పి ఎనభై పేజీ చూశాను. "ఈ రోజు నాచు బాగా ఎండింది. పులుసు చిక్కగా పెట్టాను, నీకు నచ్చుతుంది" అని రాసి ఉంది.

ఇక ఎవరికి రాయాలో తెలియడం లేదు. చెయ్యి అలవాటు పడిపోయింది కాబట్టి రాస్తున్నాను.

బొట్టు పెట్టుకున్నాను. గాజులు వేసుకున్నాను. ఏడిస్తే అందరికీ తెలిసిపోతుంది. నాచు షెడ్డులో పైట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, మొహం ఉప్పునీళ్ళతో కడుక్కుని, పదకొండింటికి క్యారేజీ కట్టాను. ఈసారి అన్నం గట్టిగా అదిమి పెట్టాను. తినేవాళ్ళు ఆరుగురు.

మిగిలినవి 55

యాభై ఐదు రోజులు ఊరుకుంటే చాలు. రోజూ ఈ మాటే అనుకుంటున్నాను. వండటం, కట్టడం, కిటికీలో ఇవ్వడం, ఊరుకోవడం. ఊరుకోవడం నాకు బాగా వచ్చు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే.

ఊరుకోకపోతే ఏమవుతుంది? వాళ్ళు ఆయన కడియం తీసి ఇసకలో పెడితే చాలు, చల్లబడుతుంది. అద్దం ఎర్రగా వెలుగుతుంది. శేషం నా కాలికి వస్తుంది. పైడమ్మ వెళ్ళి ఇది పన్నెండో రోజు. మొన్న ఆదివారం గీత మీద ఆమె కనబడలేదు.

నాచు తిప్పుతూ అక్క అంది, "యాబై అయిదు రోజుల్లో మీ ఆయనొచ్చీస్తాడు. కాస్త ఒళ్ళు సెయ్యే. ఎండునాచులాగున్నావు. ఆడు నిన్ను సూసి మళ్ళీ లోపలికి పారిపోతాడు."

"మీ ఆయనొస్తే ఏం చేస్తావక్కా?"

"ముందు తిడతాను. ఆరు నెల్లు కూడబెట్టినాను తిట్లు. మన పాత ఊళ్ళో అయితే నా నోటికి జడిసి సేపల ఏటకెల్లిపోయీవోడు. సముద్రం మింగీసినాక ఇప్పుడు ఊరూ నేదు, ఏటా నేదు. ఎక్కడికి పోతాడు? కూకుని ఇనాలి."

ఆమె నవ్వుతూ ఉంటే నేను నాచు ముడులు విప్పుతూ ఉన్నాను. ఒకే ముడి ఎంతసేపు విప్పానో.

మిగిలినవి 52, ఆదివారం

ఎర్ర తువ్వాలు వచ్చింది. కానీ దాని కింద మనిషి పొట్టివాడు.

మళ్ళీ సముద్రం వైపు నడిచాను. తువ్వాలు మనిషి కూడా నడిచాడు. గీత దాటాడు. నేను వద్దని చెయ్యి ఊపినా ఆగలేదు. వచ్చి కంచె పట్టుకున్నాడు. అతని రెండు కాళ్ళకీ కలిపి ఐదు కడియాలు.

"గవరయ్యన్న ఏడీ?"

"గురువారం," అన్నాడు. "నేను సింహాద్రిని. నువ్వేం దిగులెట్టుకోకు, నీ లెక్క తప్పలేదు. గవరయ్య వొంతు నేను తీసుకున్నాను."

పళ్ళు కొరుక్కుంటున్నాడు. మాట్లాడటానికి క్షణాలే ఉన్నాయి. నేను ఎప్పుడూ ఇంత త్వరగా మాట్లాడలేదు.

"మా ఆయన కడియం దించీండి అన్నా."

"ఏటమ్మా, యాబై రెండే కదా."

"యాభై రెండు రోజులకి ఇంకెందరు?"

అతను తన కాళ్ళ కేసి చూసుకున్నాడు.

"బతికున్నోళ్ళు ఐదుగురు. కడియాలు ఎన్ని?"

"పదకొండు, నీ పెనిమిటి కన్నా ముందు పోనోళ్ళయి రెండు కలిపి." తల దించుకున్నాడు. "మాటిచ్చినాం సెల్లీ. సచ్చేవోడికి ఇచ్చిన మాట."

"అది నా కోసం ఇచ్చిన మాటే కదా. నేనే వద్దంటున్నాను. మీరు మోస్తున్నది ఆయన్ని కాదు, నన్ను. నాకు కాళ్ళున్నాయి."

కడియాలు ఐదూ ఒకేసారి కుట్టాయేమో, కంచె తీగ అతని చేతిలో మోగింది. తల ఊపాడు. తలకున్న మా ఆయన తువ్వాలు తీసి కంచె సందులోంచి ఇవ్వబోయాడు. ఎండ ఉంది, నువ్వే ఉంచుకో అన్నాను.

తిరిగి వచ్చాక అక్క అడిగింది. "మా ముసలోడు సెయ్యెత్తినాడా?"

నల్ల కంబళి ఈ వారం ఎవరి మీదా లేదు.

"ఎత్తాడక్కా."

మిగిలినవి 52, సోమవారం

క్యారేజీ కట్టలేదు. వట్టి చేతులతో వరసలో నిలబడ్డాను. నా వెనకే అక్క. "ఏటే, అన్నం మాడ్సీసినావా? నా దాంట్లోది కొంచెం మీ ఆయనకి పంపుదాంలే" అంటోంది.

నా వంతు వచ్చింది. అద్దం ఎర్రగా వెలిగింది.

"ఎల్లాజీ భార్యవా? తెల్లవారుజామున పోయాడు. శేషం యాభై రెండు. రేపు పొద్దున్న ఆరింటికి గేటు." కిటికీబాబు మొదటిసారి తల ఎత్తి చూశాడు. "ఏం, ఏడుపు రావట్లేదా?"

వెనక నుంచి అక్క "అయ్యో, అయ్యో నా తల్లీ" అని నన్ను రెండు చేతులతో చుట్టేసింది. ఏడ్చింది ఆమే. నాకు కన్నీళ్ళు ఎక్కడా మిగల్లేదు.

"ఆ గట్టు మీద కాలు పెట్టు," అన్నాడు కిటికీబాబు. ఒక కొలతపట్టీ దానంతటదే వచ్చి నా చీలమండ చుట్టూ తిరిగి వెళ్ళింది. "చిన్న సైజు. నీకు కొత్తది పడుతుంది. పాతవి వదులైపోయి జారుతున్నాయని పైనుంచి కంప్లైంటు. ఇవి కాలు చిక్కితే అవీ బిగుస్తాయి. ఒకటో తారీకు నుంచి లోపల అందరికీ మారుస్తున్నారు, నంబరు పిలిచి, ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి."

ఒకటో తారీకు వచ్చే సోమవారం.

"నీకు మధ్యాహ్నం క్యారేజీ ఎవరు తెస్తారు? ఎవరూ లేకపోతే లేదని రాసుకుంటా."

నేను జవాబు చెప్పేలోపే అక్క కళ్ళు తుడుచుకుని కిటికీలోకి తల పెట్టింది. "నా పేరు రాసుకోండి బాబూ. సన్యాసమ్మ. రోజూ ఒకటి తెచ్చీదాన్ని, రెండు తేనేనేటి?" నా వైపు తిరిగి, "నువ్వేం బెంగెట్టుకోకు. నీకూ, మా ముసలోడికీ ఒకే పొయ్యి మీద వొండీస్తాను" అంది.

చెప్పవద్దని గవరయ్య అన్నాడు. గవరయ్య కూడా లేడు. వచ్చే సోమవారం కామేసు నంబరు పిలుస్తారు. పిలిస్తే ఏ కాలూ ముందుకు రాదు. ఆ ఎర్రదీపం ముందు ఈమె ఒక్కతే నిలబడాలి. అంతవరకూ ఆమె అంకె పచ్చగా ఉండటం కోసం సింహాద్రి రోజూ నలభై రాళ్ళు ఎక్కువ మోయాలి. చెబితే ఆమె ఏం చేస్తుందో నాకు తెలియదు. చెప్పకపోతే ఏం జరుగుతుందో మాత్రం తెలుసు.

ఆమె చెవి దగ్గరికి వంగాను. కిటికీబాబుకి వినబడకుండా అన్నాను.

"అక్కా, ఒక్కటే తే."

"పిచ్చిదానా, మరి మా ముసలోడికి..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో ఈ రోజు క్యారేజీ ఉంది, మూత సందులోంచి ఆవిరి వస్తోంది.

"నెక్స్ట్," అన్నాడు కిటికీబాబు.

అద్దం మీద రెండు వందల ఆరు, పచ్చగా వెలిగింది. ఎంతే అని ఆమె నన్ను అడగలేదు. మసక కళ్ళతో నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది.